పి.పి. నంబరు దిల్షాద్

రేపల్లె స్టేషన్ వెనక మా సందులో చాలాకాలం ఒక్కటే టెలిఫోను ఉండేది. అది దిల్షాద్ ఇంట్లో ఉండేది. ఆవిడ భర్త వజీర్‌కు పక్క ఊరు నగరం వెళ్లే రోడ్డులో మోటారు వైండింగ్ షాపు. పొలాల్లో మోటారు కాలిపోతే రైతులు ఫోన్ చేసి చెబుతారని ఆశపడి, టెలిఫోను ఆఫీసు చుట్టూ కొన్నేళ్లు తిరిగి ఆయన ఆ కనెక్షను సంపాదించాడు. తీరా వచ్చాక, షాపు రేకుల కప్పు వానకు కారుతుందని ఫోను ఇంట్లో పెట్టించాడు. రైతులు ఇంటికి ఫోన్ చేసేవారు. దిల్షాద్ ఎత్తి, "ఆయన షాపులో ఉన్నారండి, అక్కడికే వెళ్లండి" అని చెప్పేది. వజీర్ వ్యాపారానికి ఆ ఫోను చేసిన సాయం ఇంతవరకే.

సందుకు మాత్రం అది చాలా చేసింది. మా వాళ్లందరూ శుభలేఖల మీదా, దరఖాస్తుల మీదా, చుట్టాల డైరీల్లోనూ దిల్షాద్ నంబరే రాయించేవారు. దాని పక్కన పి.పి. అని రెండక్షరాలు చేర్చేవారు. ఈ ఫోను నాది కాదు, పొరుగింటివాళ్లది, చేస్తే పిలిచి పెడతారు అని ఆ రెండక్షరాలకు అర్థం. ఆ రోజుల్లో ఆ అర్థం తెలియని మనిషి లేడు.

పిలవడంలో దిల్షాద్‌కు ఒక పద్ధతి ఉండేది. మామూలు ఫోనైతే గేటు దగ్గర నిలబడి కేకేసేది. మంచి కబురైతే కేకలోనే సగం చెప్పేసేది. అవతలి గొంతులో తేడా కనిపిస్తే మాత్రం కేకెయ్యదు. తలమీద కొంగు సర్దుకుని తనే ఆ ఇంటికి వెళ్లి, "ఫోనొచ్చింది, చెప్పులేసుకుని రండి" అనేది. నాలుగడుగుల దూరానికి చెప్పులెందుకంటే, ఆ ఫోను మాట్లాడాక అటునుంచి అటే బస్సెక్కవలసి వస్తుందని. ఆవిడ నోట చెప్పుల మాట వింటే మా సందులో ఎవరికైనా కాళ్లు చల్లబడేవి. వాళ్లు ఫోను అందుకోగానే ఆవిడ వాకిట్లోకి వచ్చి నిలబడేది, లోపలి మాటలు తన చెవిన పడకూడదని. గుంటూరుకో చీరాలకో వినిపించాలని అందరూ అరిచే మాట్లాడేవారు కనుక ఆ మాటలు వాకిట్లోకే కాదు, సందు మొగదాకా వినిపించేవి. అయినా ఆవిడ వాకిట్లో నిలబడింది కనుక విననట్టే. ఈ ఏర్పాటుకు అందరమూ ఒప్పుకున్నాం.

అంతమాత్రాన ఆవిడకు గర్వం లేదనుకోకూడదు. ఫోను మీద చేత్తో అల్లిన గుడ్డ కప్పి ఉంచేది. ఎత్తగానే "హలో, రేపల్లె" అనేది, ఊరు మొత్తానికి తానే జవాబుదారీ అయినట్టు. ఫోను వాడుకున్నందుకు పైసా పుచ్చుకునేది కాదు. కానీ వాడుకున్నవాళ్ల ఇంట్లో శుభకార్యం తలపెట్టి తనకు చివర్న చెప్పారంటే, వాళ్లను వరసపెట్టి పిలవడం మానేసి పేరు చివర 'గారు' తగిలించేది. ఎవరూ ఆ గౌరవాన్ని ఎక్కువ రోజులు భరించలేకపోయేవారు. వాళ్లే వచ్చి వరస మళ్లీ నిలబెట్టుకునేవారు.

వరసలంటే ఏమిటో చెప్పాలి. ఒకరింట్లో నిలబడి ఏళ్ల తరబడి ఫోన్లు మాట్లాడుతూ ఆ మనిషికి ఏమీ కాకుండా ఉండటం మా వైపు కుదరదు. రైల్వే గేటు చూసే దేవదానం ఆవిడకు తమ్ముడు. ఇడ్లీలు వేసే రంగమ్మ అత్తయ్య. నేను బాబాయిని. ఎదురింటి పేరయ్య అన్నయ్య. ఈయన చీరాల వైపు నేతవాళ్ల మనిషి. మగ్గం గిట్టుబాటు కాక రేపల్లె వచ్చి, మోపెడ్ మీద చీరల మూటలు పెట్టుకుని పల్లెలు తిరిగి అమ్మేవాడు. సరుకు కబుర్లన్నీ చీరాల నుంచి ఆ ఫోనుకే వచ్చేవి. దిల్షాద్ చెల్లెలైంది కనుక వజీర్ ఆయనకు బావ అయ్యాడు. బావ అయ్యాడు కనుక ఆయన తలనెరుపు గురించీ, షాపులో కూర్చుని తీసే కునుకు గురించీ పేరయ్య ఎంతమందిలోనైనా ఎగతాళి చేసేవాడు. వజీర్ బదులు చెప్పకుండా నవ్వేవాడు. బావమరిది కదా, తప్పదు.

రెండు వేల నాలుగులో దిల్షాద్ పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. అంతకు ముందు ఏడాది రంజాన్‌లో ఉపవాసాలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే కుడి డొక్కలో నొప్పి వచ్చి, మెలికలు తిరిగి, మధ్యలోనే మానుకోవలసి వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఎన్నడూ మానని మనిషి. అది ఆవిడకు నొప్పికంటే ఎక్కువ బాధ. వచ్చే రంజాన్ అక్టోబరు నడిమిన. ఈలోగా ఆపరేషను చేయించుకుని, గాయం మానితే, ఈసారి నెలంతా ఉండొచ్చు. ఆవిడ కోరిక అదొక్కటే. దాన్ని మా అందరికీ చెప్పింది. మేమందరమూ తప్పకుండా జరుగుతుందన్నాం. ఆ తర్వాత మేమందరమే అడ్డం పడ్డాం.

మా సందుకు జబ్బు చేస్తే తెనాలిలో ఒక నర్సింగ్ హోమ్‌కు వెళ్లడం అలవాటు. రేపల్లె ప్యాసింజర్ దిగి నడిచి వెళ్లిపోవచ్చు. అక్కడి పెద్ద డాక్టరు చెయ్యి మంచిదని పేరు. ఆయనకు ఆ ఏడాది కొత్తదనం మీద మనసు పోయింది. పాత ఫైళ్లన్నీ అటకెక్కించి కంప్యూటరు పెట్టించాడు. దానికి ప్రోగ్రాము రాసినవాడు ఫణీంద్ర. బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగాల కోసం తిరిగి, ఇక డబ్బు పంపలేమని ఇంట్లోవాళ్లు చెప్పాక తెనాలి వచ్చి కంప్యూటర్ సెంటరు పెట్టుకున్నాడు. మర్యాదస్తుడు. తాను చేసిన పని ఎవరడిగినా వివరంగా చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు.

నాకు చెప్పింది ఇది. కంప్యూటర్లో రోగులది ఒక పట్టిక, కుటుంబాలది ఒక పట్టిక. ఒక్కొక్క రోగి వరసలో, అతను ఏ కుటుంబం మనిషో తెలిపే నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని ఫారిన్ కీ అంటారు. ఒక కుటుంబం తాలూకు రోగులందరినీ బయటికి తీయాలంటే, ఆ నంబరు ఎవరెవరి వరసలో ఉందో వెతకమని కంప్యూటరును అడగాలి. పాత పద్ధతిలో ఆ ప్రశ్న మనమే పొడుగ్గా రాసుకోవాలి. ఇప్పుడు ఆ రాత పని తామే చేసిపెట్టే ఫ్రేమ్‌వర్కులని వచ్చాయి. దిల్షాద్, చుక్క, కుటుంబం, చుక్క, సభ్యులు అని రాస్తే చాలు, ప్రశ్న అదే రాసుకుంటుంది, జవాబు అదే తెస్తుంది. మనం ఏమీ అడగక్కర్లేదండీ అని గర్వంగా చెప్పాడు. నిజమే, అతను ఎవరినీ ఏమీ అడగలేదు.

ఒక కుటుంబాన్ని ఇంకో కుటుంబం నుంచి వేరుగా గుర్తుపట్టడానికి ఏదో ఒకటి కావాలి. ఇంటిపేర్లు కలుస్తాయి. ఇంటినంబర్లు ఎవరికీ గుర్తుండవు. ఇంటికొక ఫోను నంబరు ఉంటుంది కదా అనుకున్నాడు. వాళ్లింట్లో ఉంది మరి. పాత ఫైళ్లలో నంబరు పక్కన పి.పి. అని ఉన్న మాట వాస్తవమే. కానీ ఫోను గడిలో అంకెలు తప్ప అక్షరాలు పట్టకుండా అతనే జాగ్రత్తపడ్డాడు. అందువల్ల ఆ రెండక్షరాలూ గడప దగ్గరే రాలిపోయాయి.

ఆ విధంగా మా సందు మొత్తం ఒక కుటుంబం అయింది. దిల్షాద్ యజమానురాలు. మాలో ఎవరు వెళ్లినా, రిసెప్షన్‌లో కూర్చునే సుష్మ నంబరు కొట్టేది. ఈ నంబరు దిల్షాద్ గారిది, ఆవిడ మీకేమవుతారు అని తెర అడిగేది, తెర చూసి సుష్మ అడిగేది. ఏమీ కారు అని ఎవరంటారు? దేవదానం అక్క అన్నాడు. రంగమ్మ కోడలు వరస అంది. నేనూ కూతురి వరసేనన్నాను. సుష్మ వరస అన్న మాట వదిలేసి మిగతాది ఎక్కించింది, గడి చిన్నది కనుక.

పెద్ద డాక్టరుకు ఆ ప్రోగ్రాములో బాగా నచ్చింది కుటుంబ చరిత్ర అన్న మీట. అది నొక్కితే ఇంటిల్లిపాది రోగాలూ తెరమీదికి వస్తాయి. చూడటానికి వచ్చిన తోటి డాక్టర్లకు ఆయన దిల్షాద్ కుటుంబాన్నే తెరిచి చూపించేవాడట. రంగమ్మ షుగరు, దేవదానం ఉబ్బసం, నా మూలశంక, పేరయ్య భార్య మహాలక్ష్మి థైరాయిడు, అన్నీ ఒకే వంశంలో. డెల్టా కుటుంబాలలో వంశపారంపర్య వ్యాధులు అని ఆయన ఒక వ్యాసం మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది. అన్ని మతాల పేర్లూ ఒకే ఇంట్లో ఉన్నాయేమిటని అనుమానం రాలేదా అంటే, రాలేదు. ఆయన అభ్యుదయ భావాలున్న మనిషి. ఆదర్శ కుటుంబం అని సంతోషించాడు.

సెప్టెంబరులో దిల్షాద్ వజీర్‌ను తీసుకుని తెనాలి వెళ్లింది. పెద్ద డాక్టరు స్కానింగ్ చూసి, ఆపరేషను చేసేద్దామన్నాడు. మత్తు డాక్టరు చూసి సరేననాలి. ఆయనది బాపట్ల, పనున్న రోజుల్లో రైల్లో వచ్చి వెళ్లేవాడు. నెమ్మదస్తుడు, అనుమానస్తుడు. పొద్దున్నించి మంచినీళ్లు కూడా తాగలేదని ఒట్టేసి, బల్లమీద పడుకోగానే ఇడ్లీలు కక్కుకున్నవాళ్లను చూసినవాడు. ఆయన కుటుంబ చరిత్ర నొక్కాడు. తెరమీద ఎర్ర గీతతో పేరయ్య వచ్చాడు.

కిందటేడు పేరయ్యకు అపెండిసైటిస్ ఆపరేషను అక్కడే జరిగింది. మత్తుతో పాటు కండరాలు వదులు కావడానికి ఇచ్చే మందు ఆయన ఒంటికి సరిపడలేదు. నిమిషాల్లో తిరిగి రావలసిన ఊపిరి సాయంత్రానికి గానీ రాలేదు. అంతసేపూ ఈ డాక్టరే పక్కన కూర్చుని రబ్బరు సంచి నొక్కుతూ ఆయనకు ఊపిరి పోశాడు.

"పేరయ్య మీకేమవుతారమ్మా?" అన్నాడు.

"అన్నయ్యండి," అంది దిల్షాద్.

వజీర్ దగ్గాడు. అప్పటికే ఆలస్యమైంది.

"తోడబుట్టినవాడా?"

"కాదండి. అన్నయ్య."

"అంటే, పెదనాన్నగారి అబ్బాయా?"

"కాదండి," అని ఆవిడ ఎలా చెప్పాలో తెలియక, "ఫోనుకి అన్నయ్యండి," అంది.

డాక్టరు తెరను ఆవిడవైపు తిప్పాడు. ఆ మందు పడకపోవడమన్నది రక్తంలో వచ్చే గుణమని, అన్నకుంటే చెల్లెలికీ ఉండొచ్చని, ఆ రోజు పేరయ్య గుండెకంటే తన గుండె ఎక్కువ కొట్టుకుందని, ఇంకోసారి ఆ సంచి నొక్కే ఓపిక తనకు లేదని చెప్పాడు. రక్తపరీక్ష ఉంది, మద్రాసు పంపాలి, ఎప్పటికి వస్తుందో దేవుడికే తెలియాలి. వజీర్ మొహమాటపడుతూ పేర్లు చూడమన్నాడు. ఈ రోజుల్లో పేర్లు చూసి ఎవరింట్లో ఎవరున్నారో చెప్పలేమని డాక్టరన్నాడు. పైగా పేరయ్య చేరినప్పుడు దగ్గరి బంధువు అన్న చోట దిల్షాద్, చెల్లెలు అని సంతకం పెట్టిన కాగితం సుష్మ తీసి చూపించింది. ఆపరేషను తొందరలో మీరిప్పుడు కాదంటున్నారు, ఆ మాట ఆయన్నే వచ్చి చెప్పమనండి, రాసి సంతకం పెట్టమనండి, అప్పుడు చూద్దాం అన్నాడు డాక్టరు. నాకు తెలిసి ఆ నర్సింగ్ హోమ్‌లో న్యాయంగా మాట్లాడినవాడు ఆయనొక్కడే.

చిన్న పనే కదా అనుకుంటూ వాళ్లు తిరిగి వచ్చారు. సాయంత్రం వజీర్ ఎదురింటికి వెళ్లి సంగతి చెప్పాడు. పేరయ్య మూటలు కడుతున్నవాడు చెయ్యి ఆపి, విన్నది నమ్మలేనట్టు చూశాడు.

"కత్తి కిందికి వెళ్లే ఆడబిడ్డను పట్టుకుని నాకేమీ కాదని రాసిమ్మంటావా బావా? అక్కడ జరగరానిది జరిగితే ఈ చేత్తో అన్నం ఎలా తింటాను?"

ఉత్తుత్తి మాటేనని వజీర్ నచ్చజెప్పబోయాడు. ఉత్తుత్తిగానైనా ఆ సమయంలో అనకూడని మాటలుంటాయని పేరయ్య అన్నాడు. ఈ జవాబు రాత్రి భోజనాల వేళకు సందంతా తెలిసింది. అందరూ మెచ్చుకున్నారు. రక్తసంబంధం ఉన్నవాళ్లు కూడా ఇంత పట్టుదలగా ఉండరని రంగమ్మ కంటతడి పెట్టింది. దేవదానం వచ్చి పేరయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. తమ్ముడిగా తానైనా అంతేననీ, తనకు మత్తు పడకపోయి ఉంటే తానూ సంతకం పెట్టేవాణ్ణి కాదనీ చెప్పాడు. ఆ రాత్రి దిల్షాద్ మజ్జిగ అన్నం రెండు ముద్దలు తిని, అవి కూడా పడక, మంచం పట్టెను పట్టుకుని కూర్చుంది. ఆవిడ మీద మాకున్న ప్రేమ సందంతా పొంగిపోతోంది. ఆపరేషను మాత్రం ఆగిపోయింది.

మరునాడు మహాలక్ష్మి, ఆ మరునాడు నేను పేరయ్యతో మాట్లాడాం. నేను చదువుకున్నవాణ్ణని నామీద గౌరవం ఉంది కనుక నా మాట పూర్తిగా విని, ఆ తర్వాత కాదన్నాడు.

దిల్షాద్ ఆలోచించింది. మా సందులో మనుషులు ఒకరికొకరు ఏమీ కాకుండా పోయేది పోట్లాటలో. పంపు దగ్గర బిందె జరిపితే చాలు, నువ్వు నాకేమీ కావు అన్న మాట ఇట్టే వచ్చేస్తుంది. కనుక పేరయ్యతో పోట్లాడాలని నిర్ణయించుకుంది. దసరా సరుకు కోసం చీరాల నుంచి బట్టల కొట్టు చెంచురామయ్య ఫోన్ చేశాడు. పేరయ్య ఎదురుగా అరుగుమీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. ఇంట్లో లేరండి అని చెప్పి పెట్టేసింది. తన ఇంటికి ఫోనొచ్చినప్పటి నుంచి ఆవిడ ఒక పిలుపు మింగడం అదే మొదలు. పెట్టేసి, గుడ్డ కప్పి, పోట్లాట కోసం ఎదురు చూస్తూ కూర్చుంది.

పోట్లాట మధ్యాహ్నానికి వచ్చింది. చెంచురామయ్య మళ్లీ స్టేషనుకు ఫోన్ చేసి కబురు పెట్టాడు. పేరయ్య గేటు తీసుకుని వస్తుంటే ఆవిడ లేచి నిలబడి నడుముకు కొంగు బిగించింది. ఆయన చేతిలో బత్తాయిల సంచి ఉంది.

"ఫోనొచ్చింది. కావాలనే పిలవలేదు. తిట్టండి," అంది.

"తిట్టడమేంటి, ఒంట్లో బాగాలేని మనిషివి," అన్నాడు పేరయ్య. సంచి ఆవిడ పక్కన పెట్టాడు. "అసలు నువ్వు ఫోను దగ్గర కూర్చోవడం మాది తప్పు. రేపట్నించి మీ వదిన వచ్చి కూర్చుంటుంది. అదే ఎత్తుతుంది, అదే పిలుస్తుంది."

అప్పుడు దిల్షాద్‌కు నిజంగానే కోపం వచ్చింది. అంతకు ముందుది నటన. ఇది వేరు. ఆ ఫోను ఇంకో ఆడమనిషి ఎత్తి హలో రేపల్లె అనడం ఊహించుకోగానే ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నా ఫోను ఎవరెత్తాలో చెప్పడానికి మీరెవరండీ? మీరు నాకేమీ కారు."

రాసిమ్మన్న మాట ఆవిడే అనేసింది. పేరయ్య ముఖం చిన్నబోయింది. వెనక్కి తిరిగాడు. ఆవిడ ఇంకా ఏదో అనబోయి డొక్క పట్టుకుని గోడకు ఒరిగింది. నొప్పి వచ్చిందంటే అలాగే వచ్చేది, చెప్పకుండా. కేక కూడా రాలేదు. పెదవులు తెల్లబడ్డాయి, నుదుటి చెమట చెంపల మీదికి కారింది. పేరయ్య పరుగెత్తుకొచ్చి మంచం వాల్చి పడుకోబెట్టాడు. అంతవరకూ నొప్పి, నొప్పి అని ఆయన విన్నదే గానీ చూడలేదు. బత్తాయిలు గదంతా దొర్లాయి. వాటి మధ్య కింద కూర్చుని, నొప్పి తగ్గేదాకా ఆవిడ అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడు.

తర్వాత నన్ను పిలిపించారు. కాగితం నేను రాయాలి, ఆయన సంతకం పెడతాడు. కానీ తాను చెప్పింది చెప్పినట్టు రాయాలన్నాడు. రాశాను. వజీర్ గారి భార్య దిల్షాద్ గారు నాకు రక్తసంబంధం గానీ మరే సంబంధం గానీ లేని మనిషి. ఈ మాట ఈ రోజు మొదలు ఆవిడ ఆపరేషను పూర్తయ్యేవరకు చెల్లుతుంది. ఆ తర్వాత చెల్లదు.

చివరి రెండు వాక్యాలూ డాక్టరు ఒప్పుకోకపోవచ్చన్నాను. అయితే సంతకం లేదన్నాడు.

తెనాలి బయలుదేరినప్పుడు వజీర్ తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. ఆ ప్రయాణం నేను మరిచిపోలేను. పేరయ్య సంతకం చేసిన మాటకు కట్టుబడే మనిషి. కిటికీ పక్క చోటు దిల్షాద్‌కు వదిలేసి ఎదుటి బల్లమీద, పరాయివాడు కూర్చున్నట్టు మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. వజీర్ కునుకు తీస్తే ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం, "వజీర్ గారూ, మంచినీళ్ల సీసా మీ దగ్గరుందాండీ?" అన్నాడు. వజీర్ ఉలిక్కిపడి లేచాడు. పెళ్లి నుంచి వెళ్లగొట్టినవాడిలా ఆ సీసా రెండు చేతులతో అందించాడు. దిల్షాద్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వితే డొక్కలో నొప్పి.

మత్తు డాక్టరు కాగితం చదివాడు, మళ్లీ చదివాడు. మొదటి వాక్యం తనకు చాలన్నాడు. పేరయ్యను ముఖాముఖి అడిగాడు. పేరయ్య తలవంచుకుని, "అంతేనండి. ఏమీ కాదండి," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన పడిన అవస్థ చూసి డాక్టరుకు నమ్మకం కుదిరింది.

కంప్యూటరుకు కుదరలేదు. థియేటరులోకి వెళ్లాలంటే సుష్మ ఒక చీటీ తీసి ఇవ్వాలి. ఆ చీటీ మీద ఎర్ర గీత అచ్చవుతూనే ఉంది. గీత ఉన్న చీటీతో ఎవరినీ లోపలికి పంపకూడదని పెద్ద డాక్టరు రూలు పెట్టాడు. కాగితం చూపిస్తే, కాగితాలు మానెయ్యడానికే కదా ఇంత ఖర్చుపెట్టింది అన్నాడట. ఫణీంద్రకు కబురు వెళ్లింది. వచ్చి, తెర చూసి, పేరయ్యను చూసి, విషయమంతా విని తల గోక్కున్నాడు.

"ఈయన్ని ఈ కుటుంబంలోంచి తీసెయ్యడం ఎంతసేపండీ. కానీ తీసి ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఏ కుటుంబమూ లేని పేషెంటును ప్రోగ్రాం ఒప్పుకోదు. ఆ గడి ఖాళీగా ఉంచకూడదని నేనే రాశాను."

ఇంకో కుటుంబం తెరుద్దామంటే దానికొక ఫోను నంబరు కావాలి. పేరయ్యకు ఫోను లేదు. అసలు కథంతా అందుకే కదా. సెల్లు ఒకటి కొనుక్కోరాదా అని సుష్మ అంది. తాను తిరిగే పల్లెలకు సిగ్నలు వచ్చాక కొంటానని పేరయ్య అన్నాడు. లోపల పెద్ద డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడని నర్సు వచ్చి చెప్పింది. బాపట్ల వెళ్లే బండికి టైమవుతోందని మత్తు డాక్టరు వాచీ చూసుకున్నాడు. దిల్షాద్ ఆకుపచ్చ గౌను తొడుక్కుని, ఎటు వెళ్లాలో తెలియక వరండాలో నిలబడి ఉంది. ఇవాళ కాకపోతే మళ్లీ పది రోజులన్నారు. పది రోజులంటే, గాయం మానేలోపే రంజాన్ వచ్చేస్తుంది.

అప్పుడు పేరయ్య జేబులోంచి ఒక బిల్లు తీసి, దానిమీద అచ్చయిన నంబరు చదివాడు. అది చీరాల చెంచురామయ్య కొట్టు నంబరు. ఫణీంద్ర దాన్ని కొట్టాడు. కొత్త కుటుంబం తెరుచుకుంది. చెంచురామయ్య మీకేమవుతారని అడిగింది తెర. ఫణీంద్ర పేరయ్యవంక కొంచెం భయంగా చూశాడు. పేరయ్య ఆలోచించి, మావయ్య వరస అన్నాడు. ఫణీంద్ర అదే ఎక్కించాడు. ఆ క్షణాన చీరాలలో చీరలు మడతపెట్టుకుంటున్న ఒక పెద్దమనిషి, తెనాలి ఎన్నడూ రాకుండానే, మత్తు పడని వంశానికి పెద్ద అయ్యాడు. దిల్షాద్ చీటీ గీత లేకుండా శుభ్రంగా వచ్చింది.

మిగతావాళ్ల సంగతేమిటని నేను ఫణీంద్రను అడిగాను. అందరినీ విడదీయాలంటే పెద్ద డాక్టరు ఒప్పుకోవాలట. ఆయన వ్యాసం పంపేశాడట, అది అచ్చయ్యేదాకా ఆ కుటుంబాన్ని ముట్టుకోవద్దన్నాడట.

దిల్షాద్‌ను లోపలికి తీసుకువెళ్లారు. తలుపు మూసుకునే ముందు ఆవిడ వెనక్కి తిరిగి వజీర్‌ను చూసింది, నన్ను చూసింది. పేరయ్య గోడమీది క్యాలెండరు చదువుతున్నాడు. ఆ వేళప్పుడు ఆవిడ కంటపడటం కాగితానికి విరుద్ధమనుకున్నాడు కాబోలు. ముగ్గురం బల్లమీద కూర్చున్నాం. నేను తెచ్చుకున్న పుస్తకంలో ఒకే పేజీ చదువుతూ ఉన్నాను. కొంతసేపటికి వజీర్ నమాజు వేళయిందని బయటికి వెళ్లాడు. పేరయ్య బల్ల చివరికంటా జరిగి, చేతులు కట్టుకుని, ఆసుపత్రికి వేరే పనిమీద వచ్చినవాడిలా కూర్చున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏ దేవుడికి చెప్పుకుంటున్నాడో నేను అడగలేదు.

తలుపు తెరుచుకుని సుష్మ వచ్చింది. చేతిలో చిన్న గాజుసీసా, అందులో దిల్షాద్ కడుపులోంచి తీసిన రాళ్లు. మినుముల్లా నల్లగా ఉన్నాయి. అవి ఇంటివాళ్లకు చూపించి అప్పజెప్పడం అక్కడి పద్ధతి.

"దిల్షాద్ గారి తాలూకు ఎవరండీ?" అంది.

నేను లేవబోయాను. నా మోచేతిమీద పేరయ్య చెయ్యి పడింది.

"ఆపరేషను పూర్తయిందా అమ్మా?" అన్నాడు.

"అయిపోయిందండి. తెలివి కూడా వచ్చింది. ఫోనెవరు ఎత్తుతున్నారని అడుగుతున్నారు."

"పూర్తిగా అయిపోయినట్టే కదా?"

"అవునండి, కుట్లు కూడా వేసేశారు. తాలూకు ఎవరు?"

పేరయ్య లేచి, చొక్కా కిందికి లాక్కుని, సీసా కోసం చెయ్యి చాపాడు.

"నేనేనమ్మా. అన్నయ్యని," అన్నాడు.